180 డిగ్రీలు ఎక్కడ? ఇంటి ఓవెన్ చుట్టూ అల్లుకున్న వాదాలు

ఒకే కొలతలతో కలిపిన కేకు పిండి. 180 డిగ్రీల వేడి, 35 నిమిషాల సమయం. ఒకరింట్లో అది సమంగా పొంగి బంగారు రంగు తేలుతుంది. పక్కింట్లో పైన మాడి లోపల పచ్చిగా మిగులుతుంది. ఇంకోచోట నడుమ గుంట పడుతుంది. 2020 లాక్‌డౌన్ రోజుల్లో తెలుగు ఇళ్లలో బేకింగ్ సరదా బాగా పెరిగింది. దాంతోపాటే ఈ తేడాకు కారణాలు చెప్పేవాళ్లూ పెరిగారు. ఓటీజీ (ఓవెన్-టోస్టర్-గ్రిల్లర్) కొననిదే కేకు రాదని ఒకరంటే, ఫ్యాను లేని ఓవెన్‌ను నమ్మొద్దని ఇంకొకరంటారు. తప్పంతా కొలతలదేనని, తరాజు లేకుండా మొదలుపెట్టడమే దండగని మూడో వర్గం వాదన. ఇవేవీ అక్కర్లేదు, కుక్కర్లో ఇసక పోస్తే చాలునన్నది నాలుగో వర్గం మాట.

ఆడలేక మద్దెల ఓడు అనడం మనకు అలవాటే. ఇంటి ఓవెన్ దగ్గర చిక్కేమిటంటే, ఆట సంగతి ఎలా ఉన్నా మద్దెల కూడా కొంత ఓడే. ఎంత ఓడు, ఎక్కడ ఓడు అన్నది చూడకుండా ఏ పెట్టె కొనాలన్న ప్రశ్న చుట్టూనే వాదన తిరుగుతోంది. టిన్ను పెట్టిన చోట నిజంగా ఎంత వేడి ఉంది, అది ఏ వైపు నుంచి వస్తోంది అన్నవి అంతకంటే పెద్ద ప్రశ్నలు. వాదాలన్నీ ఒకచోట పెట్టి చూస్తే చాలామటుకు తగువులు ఆ రెండింటి దగ్గరికే వచ్చి ఆగుతాయి.

నిప్పుల మూత నుంచి నాబ్ దాకా

పైనా కిందా వేడి పెట్టి కాల్చడం తెలుగు వంటింటికి కొత్త కాదు. దిబ్బరొట్టెకు మందపాటి పాత్రలో పిండి పోసి, కింద సన్నని సెగ పెట్టి, మూత మీద నిప్పులు పేర్చేవారు. దమ్ బిర్యానీ హండీ మీద బొగ్గులు పరచడం కూడా ఆ పద్ధతే. కేకు, బిస్కెట్, బ్రెడ్డు మాత్రం చాలాకాలం బేకరీ భట్టీ సొత్తుగానే ఉండిపోయాయి. తలశ్శేరిలో మాంబళ్లి బాపు 1883లో చేసిన క్రిస్మస్ కేకును మన దేశపు తొలి కేకుగా చెప్పుకుంటారు. హైదరాబాద్‌లో 1953లో మొజంజాహీ మార్కెట్ దగ్గర కరాచీ బేకరీ మొదలయ్యేనాటికి నగరంలో ఇరానీ హోటళ్లు పాతుకుపోయి ఉన్నాయి. ఇంట్లో పిండి కలిపి బేకరీకి పంపి, డబ్బాలనిండా బిస్కెట్లు కాల్పించి తెచ్చుకునే అలవాటు కొన్ని ఊళ్లలో నిన్నమొన్నటిదాకా ఉంది.

భట్టీకీ ఇంటి ఓవెన్‌కూ ఉన్న తేడా ఆకారంలో కాదు, గోడ మందంలో ఉంది. ఇటుక గోడ గంటలకొద్దీ వేడిని దాచుకుంటుంది. తలుపు తీసినా, చల్లటి ట్రే లోపలికి తోసినా దానికి లెక్కలేదు. ఇంటి ఓవెన్‌ది పలుచని రేకు. తలుపు తీస్తే లోపలి వేడిగాలి బయటికి పోతుంది, మళ్లీ రాడ్లు వెలిగితేగానీ కోలుకోదు.

వంటకంలో ఉష్ణోగ్రతను అంకెగా రాయడం కూడా ఇటీవలి సంగతే. థర్మోస్టాట్ రాకముందు వంటపుస్తకాలు సన్నని వేడి, మధ్యస్థం, తీవ్రం అని మాత్రమే చెప్పేవి. లోపల చెయ్యి ఎంతసేపు ఆన్చగలమో చూసేవారు, కాగితం ముక్క పెట్టి అది ఎంతలో గోధుమరంగుకు తిరుగుతుందో గమనించేవారు. బ్రిటన్‌లో గ్యాస్ పొయ్యిలకు రెగ్యులో అనే థర్మోస్టాట్ వచ్చింది 1923లో. దాని నంబర్లే ఇప్పటికీ ఆ దేశపు వంటకాల్లో గ్యాస్ మార్క్ పేరుతో కనిపిస్తాయి. 1945లో అమెరికాలో పెర్సీ స్పెన్సర్ రాడార్ పరికరం దగ్గర పనిచేస్తుండగా జేబులో మిఠాయి కరగడం గమనించడంతో మైక్రోవేవ్ కథ మొదలైంది. ఆ యంత్రం బేకింగ్‌కు పనికిరాదు. అది పదార్థంలోని నీటిని వేడి చేస్తుందేగానీ పైపొరను ఆరబెట్టి రంగు తేలనివ్వదు. దానికి హీటరు, ఫ్యాను జతచేసిన కన్వెక్షన్ మైక్రోవేవ్ వచ్చాకే ఈ లోటు తీరింది. మన ఇళ్లలో వీటన్నిటికంటే ముందు మూతకు గాజు బిళ్ల ఉన్న గుండ్రటి అల్యూమినియం ఓవెన్ ఒకటి తిరిగింది. ఇప్పుడు అది చాలాచోట్ల అటక మీదే.

ఆ అంకె మీద ఎంత నమ్మకం పెట్టుకోవచ్చు

వంటకాల్లో 180 అంత తరచుగా కనబడటానికి ప్రకృతి నియమమేదీ కారణం కాదు. అమెరికా ఓవెన్ల మీద వేడి 25 ఫారెన్‌హీట్ డిగ్రీల మెట్లలో పెరుగుతుంది: 325, 350, 375. నడిమి మెట్టు 350 అంటే 177 సెల్సియస్. దాన్ని సరిచేసి 180 అంటున్నాం. బ్రిటన్ గ్యాస్ ఓవెన్‌లో అదే 4వ నంబరు. అంటే పుట్టుకతోనే ఆ అంకెలో అటూఇటూ వెసులుబాటు ఉంది.

కేకు లోపలి భాగం ఎలాగూ 100 డిగ్రీలు దాటదు. నీరున్నంతసేపు దాటలేదు. గుడ్డులోని మాంసకృత్తులు 60 నుంచి 80 డిగ్రీల మధ్య గట్టిపడతాయి. మైదాలోని పిండిపదార్థం నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది. పంచదార ఎక్కువైతే ఆ ఉబ్బడం ఇంకాస్త పై వేడికిగాని జరగదు. నడిమధ్య 96 నుంచి 99 డిగ్రీలకు చేరితే కేకు కాలినట్టే. పైపొర సంగతి వేరు. ఆ రంగు, ఆ వాసన 1912లో ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీల్ మయ్యార్ వివరించిన చర్య వల్ల వస్తాయి. అది చురుగ్గా సాగాలంటే పొర తడి ఆరి, సుమారు 140 డిగ్రీలు దాటాలి. లోపల ఉడకడం, పైన రంగు తేలడం ఒకేసారి ముగిస్తే కేకు బాగా వచ్చిందంటాం. వేడి ఎక్కువైతే అంచులు ముందే బిగుసుకుపోతాయి, నడుమ పిండి ఇంకా పొంగుతూ పైపొరను చీల్చుకొస్తుంది. తక్కువైతే పిండి గట్టిపడేలోపే గాలి బుడగలు జారుకుని కేకు దిమ్మలా తయారవుతుంది.

నాబ్ 180 దగ్గర తిప్పినంత మాత్రాన లోపల 180 నిలబడదు. మామూలు ఓటీజీలో థర్మోస్టాట్ అంటే రెండు లోహాల పట్టీ. వేడికి వంగి కరెంటు ఆపుతుంది, చల్లబడి తిరిగి కలుపుతుంది. రాడ్లు పూర్తిగా వెలగడం, పూర్తిగా ఆరడం తప్ప మధ్యేమార్గం లేదు. లోపలి గాలి అటు పదిహేను, ఇటు ఇరవై డిగ్రీలు ఊగడం వింతేమీ కాదు. దీన్ని చూసి చాలామంది కంగారుపడతారుగానీ ఊగిసలాట అంత పెద్ద దోషం కాదు. సగటు 180 అయితే కేకు దాన్ని తట్టుకుంటుంది. అసలు దోషం సగటే తప్పడం. పట్టీ గోడ పక్కన ఉంటుంది, టిన్ను నడుమ ఉంటుంది. గోడ దగ్గర 180 అయినప్పుడు నడుమ 160 ఉండొచ్చు, 205 ఉండొచ్చు. అదే తేడా రోజూ వస్తుంటే మాత్రం మేలే. ఒకసారి తెలుసుకుని నాబ్‌ను ఆ మేరకు జరుపుకుంటే సరిపోతుంది.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. ఓవెన్ ఉష్ణోగ్రత అనే ఒక్క అంకె నిజానికి లేదు. గాలి వేడి ఒకటి, గోడల వేడి ఒకటి, రాడ్ల నుంచి తిన్నగా వచ్చే సెగ ఇంకొకటి. రాడ్డు ఎర్రగా కనబడిందంటే అది 500 డిగ్రీలు దాటిందనే అర్థం. ఆ సెగ గాలిని వేడెక్కించేదాకా ఆగదు, ఎదురుగా ఉన్న పైపొర మీద సూటిగా పడుతుంది. నల్లటి టిన్ను దాన్ని పీల్చుకుంటుంది, మెరిసే అల్యూమినియం వెనక్కి తిప్పేస్తుంది. అందుకే ఒకే ఓవెన్‌లో ఒకే పిండి రెండు టిన్నుల్లో రెండు రకాలుగా కాలుతుంది. మార్కెట్లో దొరికే ఓవెన్ థర్మామీటర్ కూడా మెరుపు రేకుదే కాబట్టి అది ఈ సెగను కొంత తక్కువగా చూపిస్తుంది. ఐరోపా ప్రమాణాల్లో ఓవెన్ కరెంటు వాడకాన్ని కొలిచేటప్పుడు నీళ్లు పట్టించిన ఇటుకను లోపల పెడతారు. ఖాళీ ఓవెన్ కొలత వంటకు సరిపోదని వాళ్లకూ తెలుసు.

ఇంట్లో ఇటుక అక్కర్లేదు. ర్యాక్ నిండా బ్రెడ్ ముక్కలు పరిచి 180 దగ్గర పదినిమిషాలు పెడితే ఎక్కడ నల్లబడిందో, ఎక్కడ తెల్లగా మిగిలిందో చూసి ఓవెన్ స్వభావం తెలుసుకోవచ్చు. ఇన్ని సలహాల్లో అందరూ ఒప్పుకునేది ఇదొక్కటే అనిపిస్తుంది.

ఓటీజీ వర్గం, కన్వెక్షన్ వర్గం

ఓటీజీ వైపు వాదించేవాళ్ల బలం కింది రాడ్డు. కేకు అడుగు, బిస్కెట్ అడుగు, పిజ్జా అడుగు గట్టిగా, రంగుగా రావాలంటే కింది నుంచి వేడి కావాలి. కన్వెక్షన్ మైక్రోవేవ్‌లో సాధారణంగా హీటరు వెనకో పైనో ఉంటుంది, కింద ఉండేది తిరిగే పళ్లెమే. వేడిగాలి టిన్ను కిందికి పోవాలంటే స్టాండు మీద ఎత్తి పెట్టాలి. అది తెలియక టిన్నును నేరుగా గాజుపళ్లెం మీద పెట్టినవాళ్లే అడుగు పచ్చిగా ఉందని ఎక్కువగా వాపోతారు. ఓటీజీకి ధర తక్కువ, రాడ్డు పోతే మార్చుకోవడం తేలిక, ట్రే వెడల్పు.

కన్వెక్షన్ వర్గం చెప్పేదానిలోనూ పస ఉంది. ఫ్యాను గాలిని తిప్పుతూ ఉంటే చల్లని మూల, వేడి మూల అన్న తేడా తగ్గుతుంది. ఎలక్ట్రానిక్ నియంత్రణ వల్ల ఊగిసలాట తక్కువ. పళ్లెం తిరగడం వల్ల మిగిలిన అసమానతా సర్దుకుంటుంది. కదిలే గాలి వేడిని త్వరగా అందిస్తుంది కాబట్టి మామూలు ఓవెన్‌కు రాసిన వంటకాన్ని 15 నుంచి 20 డిగ్రీలు తగ్గించి చేయాలన్నది దాదాపు అందరూ పాటించే లెక్క. వచ్చిన ఇబ్బంది ఒకటే. చాలా మోడళ్లలో ఫ్యాను ఆపుకోలేం. గాలి తగిలి పైపొర ముందే ఆరుతుంది, పొంగే పిండికి మూత పడినట్టవుతుంది. బ్రెడ్డుకైతే ఆవిరంతా ఎగిరిపోతుంది. ఇనుప, అల్యూమినియం టిన్నులు కన్వెక్షన్‌లో వాడొచ్చు, మైక్రోవేవ్‌లో వాడకూడదు. రెండూ ఒకే పెట్టెలో ఉండటంతో ఈ గందరగోళం తీరడంలేదు.

రెండు వర్గాలూ పెద్దగా పట్టించుకోనిది పరిమాణం. అమెరికా ఇళ్లలో పొయ్యి కిందే ఉండే ఓవెన్ లోపలి చోటు సుమారు 140 లీటర్లు. ఐరోపాలో గోడలో అమర్చేది 60, 70 లీటర్లు. మన వంటింటి గట్టు మీద కూర్చునేవి ఎక్కువగా 16 నుంచి 40 లీటర్లవి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగు ఇల్లాలు తన ఓవెన్‌లో చేసి చూపించిన కేకును గుంటూరులో 19 లీటర్ల పెట్టెలో చేస్తే, 8 అంగుళాల టిన్నుకూ పై రాడ్డుకూ మధ్య పిండి పొంగాక రెండు మూడు వేళ్ల సందు మిగులుతుంది. అక్కడ గాలి వేడి చేసే పని, ఇక్కడ రాడ్డు సెగ చేస్తుంది. 180 అని ఇద్దరూ అనుకుంటారు, కానీ పైపొర మీద పడే వేడి ఒకటి కాదు. నాలుగు వైపులా రెండంగుళాలైనా ఖాళీ ఉంచేంత చిన్న టిన్ను, కింది ర్యాక్, కాస్త తక్కువ వేడి, పైన రంగు వచ్చాక రేకు కప్పడం: చిన్న ఓవెన్ ఉన్నవాళ్లకు యంత్రం మార్చడం కంటే ఇవి ఎక్కువ మేలు చేస్తాయి.

పనిని బట్టి పోలిస్తే తేడాలు ఇలా ఉన్నాయి:

స్పాంజి, వెన్న కేకులు: రెండింట్లోనూ బాగా వస్తాయి. కన్వెక్షన్‌లో వేడి తగ్గించాలి, ఓటీజీలో ర్యాక్ దించాలి.

బిస్కెట్లు: సమమైన రంగుకు ఫ్యాను మేలు, ఒకేసారి ఎక్కువ కాల్చడానికి ఓటీజీ ట్రే మేలు.

బ్రెడ్డు, పిజ్జా: ఓటీజీకే మొగ్గు. ఇక్కడ కింది వేడి, ఆవిరి నిలవడం రెండూ ముఖ్యం.

రెండు రాడ్లా, ఒక్కటా

కేకుకు కింది రాడ్డు మాత్రమే వెలిగించాలా, రెండూ వెలిగించాలా అన్నంత పట్టుదలగా సాగే తగువు ఇంకొకటి లేదు. రెండు వైపులా పుస్తకాల సాక్ష్యం ఉంది. కారణం పుస్తకాలు పుట్టిన చోట్లు వేరు. అమెరికా ఓవెన్‌లో బేక్ అంటే ప్రధానంగా కింది హీటరు. ఐరోపాలో మామూలు పద్ధతి అంటే పైనా కిందా రెండూ. మన ఓటీజీల్లో కొన్ని కంపెనీలు నాబ్ మీది బేక్ గుర్తుకు ఒక అర్థం ఇస్తే, కొన్ని ఇంకో అర్థం ఇస్తాయి. కాబట్టి వంటకం ఏ దేశం నుంచి వచ్చిందో చూడకుండా ఈ తగువు తీరదు.

చిన్న ఓవెన్‌కు మాత్రం మధ్యేమార్గం కనబడుతుంది. రెండు రాడ్లతో ఓవెన్‌ను వేడెక్కించి, టిన్ను లోపల పెట్టాక కింది రాడ్డుతో చాలావరకు కానిచ్చి, చివర్లో అవసరమైతే పై రాడ్డుతో రంగు తేల్చడం. ఎత్తు తక్కువున్న బిస్కెట్లకు ఇంత తతంగం అక్కర్లేదు. కండెన్స్‌డ్ మిల్క్ పోసి చేసే గుడ్లు లేని కేకుకు ఇది దాదాపు తప్పనిసరి. పాలలోని మాంసకృత్తులు, చక్కెరలు కలిసి త్వరగా ఎర్రబడతాయి. దానికి 160, 170 డిగ్రీలు దాటనివ్వకపోవడమే క్షేమం.

వాదనలోకి రాని కరెంటు

విదేశీ పుస్తకాల్లో దీని ప్రస్తావనే ఉండదు, మన దగ్గర మాత్రం చాలా ఫలితాలను ఇదే నిర్ణయిస్తుంది. ఇంట్లో చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లది. 230 వోల్టుల దగ్గర అది మోయగలిగేది 1380 వాట్లు. మధ్యరకం ఓటీజీ 1500, 1600 వాట్లు లాగుతుంది. కన్వెక్షన్ మైక్రోవేవ్ రెండు వేలు దాటొచ్చు. ఇవి 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్గుకే పెట్టాలి. అడాప్టరు తగిలించి చిన్న ప్లగ్గులో పెట్టడం కేకు సంగతి అటుంచి ఇంటికే ప్రమాదం.

వోల్టేజీ పడిపోతే జరిగే నష్టం అనుకున్నదానికంటే ఎక్కువ. హీటరు ఇచ్చే వేడి వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది. 230 నుంచి 200కి దిగితే తగ్గేది పదమూడు శాతం కాదు, దాదాపు పావు వంతు. 1600 వాట్ల ఓవెన్ అప్పుడు 1200 వాట్ల ఓవెన్ అయిపోతుంది. థర్మోస్టాట్ ఉంది కాబట్టి చివరికి 180కి చేరుతుందిగానీ వేడెక్కడానికి ఎక్కువసేపు పడుతుంది, తలుపు తీశాక కోలుకోవడమూ ఆలస్యమవుతుంది. వేసవి సాయంత్రం వీధిలో ఏసీలన్నీ నడుస్తున్న వేళ చేసిన కేకు పొద్దుటి కేకులా రాకపోతే పిండిని నిందించేముందు ఇది గుర్తుండాలి.

ముందుగా వేడెక్కించడం

ప్రీహీట్ అక్కర్లేదనే వర్గం చిన్నదే అయినా ఇటీవల గట్టిగా మాట్లాడుతోంది. పలుచని రేకు ఓవెన్ అయిదారు నిమిషాల్లో వేడెక్కుతుంది, దానికి కరెంటు దండగ ఎందుకన్నది వాళ్ల ప్రశ్న. లెక్క చూస్తే 1500 వాట్ల ఓవెన్ పదిహేను నిమిషాలు ఆపకుండా వెలిగినా 0.375 యూనిట్. అంత పెద్ద దండగ కాదు.

అసలు కారణం వేరే ఉంది. చల్లటి ఓవెన్‌ను 180కి తెచ్చేటప్పుడు రాడ్లు ఆగకుండా ఎర్రగా వెలుగుతూనే ఉంటాయి. ఆ సమయంలో కేకు లోపల ఉంటే సెగంతా పైపొర మీదే పడుతుంది, లోపల ఇంకా చల్లగా ఉంటుంది. పెద్ద ఓవెన్‌లో రాడ్డు దూరం కాబట్టి దీన్ని ఉపేక్షించొచ్చు, చిన్నదానిలో కుదరదు. గాలి 180కి వచ్చిందని దీపం ఆరిపోయాక కూడా ఇంకో పది నిమిషాలు ఆగమని అనుభవజ్ఞులు చెప్పేది గోడలు, ట్రే కూడా వేడెక్కాలని. బ్రెడ్డు విషయంలో మాత్రం చల్లటి ఓవెన్‌తో మొదలుపెట్టే పద్ధతికి కొంత ఆదరణ ఉంది. అక్కడ పిండి పులియడం ఇంకాసేపు సాగి, పొంగడానికి సమయం దొరుకుతుంది.

టిన్ను, తరాజు, గది వేడి

ఏడు అంగుళాల టిన్నుకూ ఎనిమిది అంగుళాల టిన్నుకూ తేడా ఒక్క అంగుళమే అనిపిస్తుంది. వైశాల్యంలో ఎనిమిది అంగుళాలది ముప్పై శాతం పెద్దది. ఆరు అంగుళాలదాన్ని ఎనిమిదితో పోలిస్తే దాదాపు సగమే. అదే పిండి చిన్న టిన్నులో పోస్తే మందం పెరుగుతుంది. మందం పెరిగితే వేడి నడుమకు చేరే సమయం అంతకు మించి పెరుగుతుంది, ఎందుకంటే అది మందం వర్గాన్ని బట్టి ఉంటుంది. పక్కల నుంచి కూడా వేడి అందుతుంది కాబట్టి సిద్ధాంతం చెప్పినంత కాదుగానీ, 35 నిమిషాల కేకు 55 నిమిషాలు అడగడం మామూలే. టిన్ను మార్చి సమయం మార్చకపోవడం వల్ల వచ్చిన పచ్చికేకుల నింద చాలావరకు ఓవెన్ మోస్తోంది.

కప్పులతో కొలిచే పద్ధతికి పెద్ద ప్రచారం తెచ్చింది 1896లో వచ్చిన ఫానీ ఫార్మర్ వంటపుస్తకం. గీత దాకా సమం చేసిన కప్పు అన్నది ఆమె పట్టుదల. అయినా కప్పు అంటే అమెరికాలో సుమారు 237 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియాలో 250, జపాన్‌లో 200. ఒకే కప్పులో మైదా జల్లించి పోస్తే 120 గ్రాములు, డబ్బాలో ముంచి తీస్తే 145 దాకా తూగుతుంది. తరాజు వర్గం ఈ వాదనలో దాదాపు గెలిచినట్టే. కానీ వాళ్లు చెప్పుకున్నంత గెలుపు కాదు. గ్రాములు సరిగ్గా ఉన్నా మైదా మారితే పిండి మారుతుంది. మన చక్కీ గోధుమపిండి రాళ్ల మధ్య నలిగి వస్తుంది కాబట్టి అందులో దెబ్బతిన్న పిండిపదార్థం ఎక్కువ, నీళ్లు ఎక్కువ తాగుతుంది. విదేశీ వంటకంలో మైదా బదులు అదే తూకం గోధుమపిండి వేస్తే కేకు గట్టిగా రావడానికి ఓవెన్ బాధ్యత ఏమీ లేదు.

గది వేడిలో ఉన్న వెన్న అని పుస్తకం చెబితే అది 18 నుంచి 21 డిగ్రీల గది. మే నెలలో విజయవాడ వంటింట్లో 38, 40 ఉంటుంది, వెన్న 32 దాటితే కరగడం మొదలుపెడుతుంది. కరిగిన వెన్నను పంచదారతో ఎంత గిలక్కొట్టినా గాలి నిలవదు. అక్కడ వెన్న ఫ్రిజ్‌లోంచి తీసి పదినిమిషాలు చాలు, లేదా నూనె కేకుకు మారడం తెలివైన పని.

ఎత్తును తప్పుపట్టడం కూడా వింటుంటాం. హైదరాబాద్ సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తులో ఉంది, నీళ్లు 98 డిగ్రీల దగ్గర మరుగుతాయి. పుస్తకాల్లో ఎత్తును బట్టి చేసే సవరణలు మొదలయ్యేది సుమారు 900 మీటర్ల దగ్గర. బెంగళూరులో ఉన్న తెలుగువాళ్లు ఆలోచించుకోవచ్చు, ఊటీలో తప్పదు. హైదరాబాద్‌లో అది సాకు మాత్రమే.

బ్రెడ్డుది, పిజ్జాది వేరే లెక్క

కేకుకు నెమ్మది కావాలి, వీటికి తొలి నిమిషాల్లో దూకుడు కావాలి. నేపుల్స్ భట్టీ 430 డిగ్రీలు దాటి ఉంటుంది, పిజ్జా నిమిషం, నిమిషంన్నరలో అయిపోతుంది. ఇంటి ఓవెన్ 250 దగ్గరే ఆగుతుంది. ఆ లోటును మందపాటి వస్తువుతో కొంత పూడ్చొచ్చు. రాయి పెట్టమని ఒకరు, ఉక్కు పలక పెట్టమని ఒకరు. ఉక్కు వేడిని త్వరగా అందిస్తుంది, కాబట్టి 250 డిగ్రీల ఓవెన్‌లో ఉక్కుదే పైచేయి. మన ఇంట్లో దోసెల ఇనుప పెనం బోర్లించి అరగంట వేడెక్కిస్తే ఆ పని చాలామటుకు నెరవేరుతుంది. పెనానికి చెక్క, ప్లాస్టిక్ పిడి లేకుండా ఉండాలి. మిగిలిపోయిన కడప బండ ముక్క పెట్టే ఆలోచన మానుకోవడమే మంచిది. పొరలపొరల రాయిలో తేమ చిక్కుకుని ఉంటే వేడికి చిట్లొచ్చు.

బ్రెడ్డు విషయంలో పెద్ద మలుపు 2006 నవంబరులో వచ్చింది. న్యూయార్క్ బేకరు జిమ్ లాహీ పద్ధతిని మార్క్ బిట్‌మన్ న్యూయార్క్ టైమ్స్‌లో రాశాడు. పిసకని పిండిని రాత్రంతా పులియనిచ్చి, ముందుగా కాల్చిన మందపాటి మూతగిన్నెలో వేసి ఓవెన్‌లో పెట్టడం. పిండిలోంచి వచ్చిన ఆవిరి మూత కిందే నిలుస్తుంది, పైపొర తొందరగా బిగుసుకోదు, బ్రెడ్డు పూర్తిగా పొంగుతుంది. ఓవెన్ లోపల ఇంకో చిన్న ఓవెన్ పెట్టడమే ఇది. చిన్న పెట్టెల్లో రాడ్డు సెగ నుంచి కాపు కాస్తుంది కాబట్టి మనకు రెట్టింపు లాభం, గిన్నె లోపల పట్టాలి అంతే.

కుక్కరు, ఎయిర్ ఫ్రయర్

గ్యాస్కెట్, విజిల్ తీసేసి, అడుగున ఉప్పో ఇసకో పరిచి, స్టాండు మీద టిన్ను పెట్టే కుక్కర్ పద్ధతిలో కేకు ఉడుకుతుంది, పైన రంగు రాదు. పై నుంచి సెగ లేదు కదా. నీళ్లు లేకుండా కుక్కర్‌ను వేడి చేయొద్దని తయారీదారులే చెబుతారు. పాత మందపాటి గిన్నెతో అదే పని జరుగుతుంది. 2010లో ఫిలిప్స్ మార్కెట్లోకి తెచ్చిన ఎయిర్ ఫ్రయర్ మరీ చిన్న, మరీ బలమైన ఫ్యాను ఉన్న కన్వెక్షన్ ఓవెన్. ఆరు అంగుళాల టిన్ను, రేకు మూత, 20 డిగ్రీలు తక్కువ వేడి: ఈ మూడూ పాటిస్తే మంచి కేకే వస్తుంది.

ఇంకా తేలనివి

థర్మామీటర్ లేనివాళ్లకు పంచదార పరీక్ష చెప్పడం పాత అలవాటు. పంచదార 186 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి, నాబ్ 175 దగ్గర పెట్టినప్పుడు కరిగినా, 190 దగ్గర పెట్టినా కరగకున్నా ఓవెన్ తప్పు చెబుతున్నట్టు లెక్క. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో షెల్లీ ష్మిట్ బృందం 2011లో ప్రకటించిన పరిశోధన దీన్ని కుదిపేసింది. పంచదార మంచుగడ్డలాగా ఒక నిర్ణీత వేడి దగ్గర కరగదు, విరిగిపోతూ ద్రవమవుతుంది, ఎంత నెమ్మదిగా వేడి చేస్తే అంత తక్కువ వేడికే ఆ పని జరుగుతుందని వాళ్లు చూపించారు. పదిహేను నిమిషాల్లో ముగించే పరీక్షగా దానికి ఇంకా కొంత విలువ ఉందని ఒక పక్షం, ఆధారపడదగ్గది కాదని ఇంకో పక్షం. బ్రెడ్ ముక్కల పరీక్ష ఉండగా దీనికోసం పంచదార మాడ్చుకోనక్కర్లేదు.

కేకు పైభాగం చదునుగా ఉండాలా, గుమ్మటంలా పొంగాలా అన్నదాన్నిబట్టి ఎంత వేడి మంచిదో మారుతుంది. క్రీము రాసి పొరలు పేర్చేవాళ్లు 160 దగ్గర నెమ్మదిగా కాల్చి, టిన్ను చుట్టూ తడిగుడ్డ పట్టీ కడతారు. టీ కేకు చేసేవాళ్లకు ఆ పగులే అందం. ఒకరి సూత్రం ఇంకొకరికి తప్పుగా కనబడుతుంది, నిజానికి ఇద్దరూ వేర్వేరు కేకులు చేస్తున్నారు.

గుడ్లు లేని కేకుల మీద అభిప్రాయాలు అసలే కుదరలేదు. గట్టిపడే పని గుడ్డు చేయనప్పుడు ఆ భారమంతా పిండిపదార్థం మీద పడుతుంది. పెరుగు, సోడాతో చేసినదానికి బుడగలు కలిపిన వెంటనే పుట్టేస్తాయి కాబట్టి వేడి ఓవెన్ సిద్ధంగా ఉండాలని కొందరంటారు, కండెన్స్‌డ్ మిల్క్ వాడేవాళ్లు తక్కువ వేడే కావాలంటారు. గుడ్లు లేని కేకు అని రెంటినీ ఒకే గాటన కట్టి ఒకే అంకె చెప్పడం వల్లే ఈ చిక్కు.

ఇప్పుడు రాగి, జొన్న పిండితో కేకులు చేసేవాళ్లు పెరిగి కొత్త తగువు తెచ్చారు. ఆ పిండిలో పొంగును పట్టి ఉంచే జిగురు లేదు. రాగి కేకైతే పచ్చిగా ఉన్నప్పుడే గోధుమరంగులో ఉంటుంది, రంగు చూసి కాలిందని చెప్పే గుర్తు దాని దగ్గర పనికిరాదు. పుల్ల గుచ్చి చూస్తే రాగి పిండి జిగటకు కాలినా కొంత అంటుకుంటుంది. వేలితో నొక్కి చూడమనేవాళ్లు, గుచ్చే థర్మామీటర్‌లో 96 డిగ్రీలు వచ్చేదాకా ఆగమనేవాళ్లు ప్రస్తుతం చెరో పక్కన ఉన్నారు.